ఎల్క్ వేటకి పొయ్యి టెంట్ కొంటున్నారా? ముందు కంచరగాడిదలు ఎన్నో చెప్పండి

అక్టోబరు దగ్గర పడుతోందంటే అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్ చుట్టుపక్కల మన వాళ్ళలో వేట పిచ్చి పట్టిన నలుగురైదుగురి నుంచి నాకు ఒకటే ఫోను. "అన్నా, పొయ్యి పెట్టుకునే టెంట్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" నేనూ తిరిగి ఒకటే అడుగుతా: "ఎన్ని కంచరగాడిదలు తీసుకెళ్తున్నావ్?" అవతల రెండు క్షణాలు చప్పుడుండదు. టెంట్ గురించి అడిగితే వీడు గాడిదల లెక్క తీస్తాడేంటి అనుకుంటాడు పాపం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు, ఆ ఏడాది ఏమైందో కింద చెప్తాను.

వేట అనగానే ఊళ్ళో బంధువులు కంగారు పడతారు కాబట్టి ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమే. కొలరాడోలో అలా కాదు. ఏ ప్రాంతంలో ఎన్ని ఎల్క్‌లను కొట్టవచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖే లెక్కగట్టి ట్యాగులు, అంటే వేట అనుమతులు అమ్ముతుంది, తుపాకీ సీజన్లు అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా విడతలుగా నడుస్తాయి. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక, ఎదిగిన మగది 700 పౌండ్లు తూగుతుంది. అది రోడ్డు పక్కన నిలబడి మన కోసం చూడదు. మేం వెళ్ళే ఫ్లాట్ టాప్స్ అనే కొండ ప్రాంతాన్ని 1975లో వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు, అంటే లోపలికి జీపు, ఏటీవీ, సైకిలు, చివరికి మోటారు రంపం కూడా వెళ్ళకూడదు. సామాను మోసుకుంటూ నడవాలి, లేదంటే నాలుగు కాళ్ళ జంతువు మీద వేయాలి. మేం దిగే చోటు పదివేల అడుగుల ఎత్తు, నవంబరు రాత్రి సున్నా ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో మైనస్ 18కి పడిపోవడం పెద్ద వింతేమీ కాదు. పగలంతా మంచులో నడిచి తడిసిన బూట్లు ఆరకపోతే మర్నాడు వేట లేనట్టే. అందుకే లోపల కట్టెల పొయ్యి పెట్టుకుని, పైకప్పులో నిప్పు తగలని గుడ్డతో కుట్టిన కన్నంలోంచి పొగగొట్టం బయటికి తీసే టెంట్ కావాలి. ఇక్కడ దాన్ని హాట్ టెంట్ అంటారు, మా గ్యాంగ్‌లో పొయ్యి టెంట్ అనే అలవాటు.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి

చాలామంది టెంట్ ముందు కొని తరవాత దాన్ని ఎలా మోయించాలా అని ఆలోచిస్తారు. నేను చెప్పేది తిరుగు ప్రయాణం నుంచి లెక్కేయమని. వెళ్ళేటప్పుడు బరువు మనకి తెలుసు, ఇంట్లో కాటా మీద పెట్టి చూసుకుంటాం. వచ్చేటప్పుడు రెండు మారతాయి: ఒకటి మాంసం కలుస్తుంది, రెండోది టెంట్ తడిసి ఉంటుంది.

మంచి కండ ఉన్న కంచరగాడిద 150 పౌండ్ల దాకా మోస్తుంది, దారి నిటారుగా ఉంటే ఇంకా తగ్గించాలి. గుర్రానిదీ ఇంచుమించు అదే. లామా (ఒంటె జాతికి చెందిన చిన్న జంతువు) అయితే 60, 70, బాగా తిరిగి అలవాటున్నదైతే 80, అంతకు మించి వేస్తే దారి మధ్యలో కూర్చుంటుంది, ఇక మీరు బతిమాలినా లేవదు. మేకలతో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, పెద్ద పోతుమేక 40, 50 పౌండ్లు మోస్తుంది.

ఇప్పుడు ఒక ఎల్క్. ఎముకలు తీసేసినా పెద్ద మగదాని మాంసమే 200 పౌండ్లు దాటుతుంది, పైన తలా కొమ్ములూ. అంటే ఒక జంతువుకి రెండు కంచరగాడిదలు, లామాలైతే మూడో నాలుగో. నలుగురు వెళ్ళి ఇద్దరికి వేట దొరికినా నాలుగు కంచరగాడిదలు మాంసానికే పోతాయి. మరి మంచాలు, గిన్నెలు, పొయ్యి, టెంట్ ఎవరు మోస్తారు? రెండో ట్రిప్పు వేయాలి, లేదా బరువు తగ్గించాలి.

ఇంకోటి అందరూ మర్చిపోయేది మేత. సెప్టెంబరులో గడ్డి మేస్తాయి. నవంబరులో గడ్డి మంచు కింద ఉంటుంది. వెయ్యి పౌండ్ల గుర్రానికి రోజుకి 15 నుంచి 20 పౌండ్ల మేత కావాలి, అదీ కలుపు విత్తనాలు లేవని సర్టిఫికెట్ ఉన్న ఎండుగడ్డి లేదా గుళికలు, మామూలు గడ్డి కట్ట వేసుకుపోతే ఫారెస్ట్ వాళ్ళు ఫైన్ వేస్తారు. ఐదు రోజులకి నాలుగు జంతువుల మేత లెక్కేసి చూడండి, బుర్ర తిరుగుతుంది. మేత మోయడానికి ఇంకో జంతువు, దానికి మళ్ళీ మేత. లామా తినేది ఇందులో చాలా తక్కువ, నన్ను లామాల వైపు లాగింది నిజానికి ఇదే.

మనుషుల సామాను, మేత, మాంసం, ఈ మూడూ తీసేశాక మిగిలిన బరువే టెంట్‌కి మీ బడ్జెట్. డాలర్ల బడ్జెట్ తరవాత సంగతి.

కాన్వాస్ ఇల్లు

సినిమాల్లో, పాత ఫొటోల్లో కనిపించే తెల్లటి గుడ్డ ఇల్లు వాల్ టెంట్. నిలువు గోడలు, వాలు కప్పు, ముందు తలుపు. లోపల నిలబడి ప్యాంటు వేసుకోవచ్చు, ఈ సుఖం విలువ మూడో రోజు గానీ అర్థం కాదు. పన్నెండు బై పద్నాలుగు అడుగుల టెంట్‌లో నలుగురు మంచాలు వేసుకుని, ఒక మూల పొయ్యి, ఇంకో మూల వంట సామాను పెట్టుకోవచ్చు. కాన్వాస్ గుడ్డ గాలి పీల్చుకుంటుంది కాబట్టి లోపల తేమ చుక్కలు కారడం తక్కువ. నిప్పురవ్వ పడినా చాలాసార్లు చిన్న మచ్చతో పోతుంది.

ఇక బరువు. ఆ సైజు గుడ్డ ఒక్కటే అటూఇటూగా 60 పౌండ్లు. ఇనుప గొట్టాల ఫ్రేము అయితే ఇంకో 70కి పైమాటే, అల్యూమినియం అయితే కొంచెం నయం. రేకు పొయ్యి 30, 40. పైన మంచు జారడానికి వేసే ప్లాస్టిక్ పట్టా వేరే. అంతా కలిపితే ఒక కంచరగాడిద నిండి ఇంకా మిగులుతుంది. ఇది పొడి లెక్క. తడిస్తే కాన్వాస్ బరువు దాదాపు రెట్టింపవుతుంది.

మా మొదటి ఏడాది కథ ఇదే. ఒక ఫ్రెండు దగ్గర వాల్ టెంట్ అరువు తెచ్చాం, జంతువుల్ని అద్దెకి ఇచ్చే ఒక పెద్దాయనతో సామాను పైకి చేర్చడానికి మాట్లాడుకున్నాం. ఆయన మా ఫ్రేము గొట్టాలు చూడగానే మొహం చిట్లించాడు. ఏడడుగుల గొట్టాలు. ఒక కంచరగాడిదకి చెరో వైపు ఒక కట్ట కట్టి బయల్దేరాం. రెండు మైళ్ళు పోయాక దారి రెండు స్ప్రూస్ చెట్ల మధ్య ఇరుకై మలుపు తిరిగింది, ముందు కొస చెట్టుకి తగిలి వెనక కొస దాని తొడ మీద పొడిచింది. అంతే, ఆ కంచరగాడిద ఒక్క గెంతు గెంతింది. గొట్టాల చప్పుడుకి వెనకదీ బెదిరింది. మా పప్పుల డబ్బా వాగులో తేలింది. అంతా సర్దేసరికి గంటన్నర, ఆ గంటన్నరలో పెద్దాయన అన్నది ఒకే ఒక్క మాట, అయిదడుగులు దాటిన కర్ర ఏదీ ఇకమీద తన జంతువు ఎక్కదని. నాలుగో రోజు తడి మంచు పడింది. అయిదో రోజు పొద్దున టెంట్ విప్పబోతే గుడ్డ గడ్డకట్టి తలుపు చెక్కలా నిలబడింది, మడత పడదే! ముగ్గురం ఎక్కి తొక్కి ఎలాగో చుట్టాం, ఆ చుట్ట జంతువు వీపున వేలాడే పెట్టెలో పట్టలేదు. ఆయన రెండో ట్రిప్పు వచ్చాడు, దాని డబ్బులు మేమే కట్టాం.

అలాగని వాల్ టెంట్ వద్దనను. ఒకే చోట వారం పైన ఉండేవాళ్ళు, నలుగురు దాటిన వాళ్ళు, సొంత కంచరగాడిదలు ఉన్నవాళ్ళు, లేదా సామాను పైకి చేర్చి టెంట్ వేసిపెట్టే సర్వీసు తీసుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. తీసుకుంటే ఫ్రేము ముక్కలు అయిదడుగుల లోపు ఉండేలా కొనండి, ఉన్నవి పొడుగైతే కోయించి జాయింట్లు వేయించండి. ఫ్రేము లేకుండా అక్కడే దొరికే ఎండు కర్రలతో నిలబెట్టే పాత పద్ధతి కూడా ఉంది, బరువు సగం తగ్గుతుంది, కానీ తిన్నని పొడుగు కర్రలు వెతకడానికి ఒక పూట పోతుంది, పచ్చి చెట్టు మీద మాత్రం చెయ్యి వేయకూడదు.

ఒంటి స్తంభం టెంట్

రెండో రకం టిపీ. మధ్యలో ఒకే కర్ర, చుట్టూ గుండ్రంగా గూటాలు, పైన శంఖు ఆకారం, కింద నేల ఉండదు. దీన్ని కొత్త సరుకు అనుకుంటారు గానీ కాదు. మైదానాల్లోని ఆదివాసుల టిపీలు చూసి హెన్రీ సిబ్లీ అనే అమెరికా సైనికాధికారి 1856లోనే ఒంటి స్తంభం గుడారానికి పేటెంట్ తీసుకున్నాడు, పన్నెండుమంది సైనికులు మధ్యలో పొయ్యి చుట్టూ కాళ్ళు పెట్టి పడుకునేవారు. ఇప్పుడు మారింది గుడ్డే: సిలికాన్ పూసిన పల్చటి నైలాన్ లేదా పాలిస్టర్. కొలరాడోలోనే సీక్ అవుట్‌సైడ్ లాంటి కంపెనీలు వేటగాళ్ళ కోసం ఇవి కుడుతున్నాయి.

ఎనిమిదిమంది టిపీ అని రాసి ఉన్నది కర్రా గూటాలతో కలిపి పది పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. మడత పెట్టే టైటానియం పొయ్యి గొట్టంతో సహా నాలుగైదు. మొత్తం పదిహేను పౌండ్లు! వాల్ టెంట్ సెట్టులో పదో వంతు. లామా మీద ఒక మూలకి పడి ఉంటుంది. మంచు పడుతుండగా చీకట్లో దిగినా ఒక్కడే పావుగంటలో నిలబెట్టేయగలడు, వాల్ టెంట్‌కి ముగ్గురు, గంట కావాలి. ఎల్క్‌లు ఇక్కడ లేవు, అవతలి లోయలోకి దిగిపోయాయి అని రెండో రోజు తెలిస్తే టిపీ వాడు సర్దుకుని పోతాడు, వాల్ టెంట్ వాడు అక్కడే కూర్చుని తనకి తాను సర్ది చెప్పుకుంటాడు.

పెట్టె మీద రాసిన మనుషుల లెక్క నమ్మకండి. అది సార్డైన్ చేపల్ని డబ్బాలో పేర్చే లెక్క. పొయ్యి, దాని చుట్టూ వదిలే ఖాళీ, తడి బూట్లు, తుపాకులు, జీనులు, ఇవన్నీ పెట్టాక ఎనిమిదిమంది టిపీలో ముగ్గురు హాయిగా, నలుగురు సర్దుకుని పడుకుంటారు. గోడ వాలు కాబట్టి అంచు రెండడుగులు సామానుకే పనికొస్తుంది.

దీని తలనొప్పులు రెండు. మొదటిది చెమ్మ. పొయ్యి ఆరిపోయాక ముగ్గురి ఊపిరి ఆ పల్చటి గుడ్డకి లోపల మంచులా పేరుకుంటుంది. నాలుగింటికి అలారం మోగుతుంది, స్లీపింగ్ బ్యాగులోంచి ఒక్క చెయ్యి బయట పెట్టి రాత్రే పేర్చి ఉంచిన పుల్లలకి లైటర్ అంటిస్తాను, రెండు నిమిషాల్లో రేకు టక్ టక్ మంటుంది, అయిదు నిమిషాల్లో గొట్టం కింది భాగం ఎర్రబడుతుంది, సరిగ్గా అప్పుడే పైనున్న మంచంతా కరిగి ముక్కు మీద చుక్కలు చుక్కలుగా వాన. దీనికి లోపల తగిలించుకునే లైనర్ గుడ్డ ఉంటుంది, సగం చుట్టుకి వేసినా చాలు, పడుకునే వైపు వేయండి. ఇంకో రెండు పౌండ్లు పెరుగుతుంది, తీసుకెళ్ళండి.

రెండోది సాగడం. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు. మూడో ఏడాది ఒక రాత్రి నైలాన్ టిపీలో తడి మంచు కురిసింది, పొయ్యి వెలుగుతుండగానే అందరం నిద్రపోయాం. ఏదో కాలుతున్న ప్లాస్టిక్ కంపుకి మెలకువ వచ్చి చూస్తే వెనక గోడ మంచు బరువుకి లోపలికి వంగి పొయ్యికి జానెడు దూరంలో ఉంది. ఇంకో అరగంట ఆగి ఉంటే ఏమయ్యేదో. అప్పటి నుంచి పడుకునే ముందు ఒకసారి, మధ్యరాత్రి లేచినప్పుడు ఒకసారి బయటికెళ్ళి తాళ్ళు బిగించడం, కర్రతో తట్టి మంచు దులపడం మా డ్యూటీ లిస్టులో ఉంది. వంతులు వేసుకుంటాం, దొంగనిద్ర పోయేవాడు మాత్రం ప్రతి గ్యాంగులో ఒకడుంటాడు.

ఈ రెంటికీ మధ్య కూడా కొన్ని ఉన్నాయి, సింథటిక్ గుడ్డతో కుట్టిన వాల్ టెంట్లు, ఒంటి కర్ర మీద నిలబడే నాలుగు పలకల కాన్వాస్ టెంట్లు. గుర్రాలు మూడో నాలుగో ఉండి, ఇద్దరు ముగ్గురు మనుషులైతే ఇవి బాగానే ఉంటాయి. నేను ఒక్క సీజనే వాడాను కాబట్టి ఎక్కువ మాట్లాడను.

పొయ్యి, కట్టెలు, పప్పు

టెంట్ కంటే పొయ్యి దగ్గరే మనవాళ్ళు ఎక్కువ మోసపోతారు. టైటానియం పొయ్యి అయిదు నిమిషాల్లో చెమటలు పట్టిస్తుంది, కట్టె వేయకపోతే గంటకల్లా చల్లారిపోతుంది. వాల్ టెంట్‌లో పెట్టే 30 పౌండ్ల రేకు పొయ్యిలో లావు దుంగ పెట్టి గాలి తగ్గిస్తే నాలుగైదు గంటలు నిప్పు ఉంటుంది. "రాత్రంతా వెచ్చగా ఉంటుంది కదా, స్లీపింగ్ బ్యాగు తక్కువది కొంటా" అని ఒక తమ్ముడు అన్నాడు, వద్దురా బాబూ అన్నా వినలేదు, రాత్రంతా పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాడు. బ్యాగు మాత్రం అసలు పొయ్యే లేదనుకుని కొనండి. పొయ్యి ఉన్నది బట్టలు ఆరేసుకోవడానికి, పొద్దున లేవడానికి, వంటకి.

కట్టెల సంగతి కూడా టెంట్ ఎంపికలోకే వస్తుంది. వైల్డర్‌నెస్‌లో మోటారు రంపం లేదు కాబట్టి అంతా చేతి రంపమూ గొడ్డలీ. చిన్న పొయ్యికి అడుగు పొడుగు, మణికట్టు లావు ముక్కలు చాలు, చేతి రంపంతో సులువుగా తెగుతాయి, కానీ ఎక్కువ ముక్కలు కోయాలి. పెద్ద పొయ్యికి పెద్ద దుంగలు, అది ఇద్దరి పని. ఫ్లాట్ టాప్స్‌లో 1940ల్లో బెరడు పురుగు పట్టి స్ప్రూస్ అడవి భారీగా చచ్చిపోయింది, ఎండు మానులు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి. నిలబడి ఎండిన స్ప్రూస్ బాగా మండుతుంది, అయితే చిటపటలాడి రవ్వలు విసురుతుంది, గొట్టం పైన రవ్వలు ఆపే జాలీ లేకపోతే నైలాన్ కప్పు జల్లెడైపోతుంది. ఆ జాలీకి మసి పట్టి పొగ లోపలికి తంతుంది కాబట్టి రోజుకోసారి దులపాలి. ఇంకో సంగతి, కట్టెలకి దగ్గరని ఎండు మాను కింద టెంట్ వేయకండి, గాలి లేకపోయినా కూలిన మాను నేను కళ్ళారా చూశాను.

వంట గురించి అడిగేవాళ్ళకి: పదివేల అడుగుల మీద నీళ్ళు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. కందిపప్పు గంటలు గంటలు తిప్పినా గింజ గింజగానే ఉంటుంది. అందుకే మా సామానులో మూడు లీటర్ల కుక్కర్ ఎప్పుడూ ఉంటుంది, టైటానియం పొయ్యి పై రేకు దాని బరువుకి కొంచెం వంగినా సరే. మొదటి విజిల్‌కి లామాలు నాలుగూ ఒకేసారి తల తిప్పి మా వైపు చూస్తాయి. ఇదంతా కొలరాడో మాట, ఇక్కడ నల్ల ఎలుగులు ఉంటాయి. మాంటానా రాష్ట్రంలో బాబ్ మార్షల్ వైల్డర్‌నెస్ లాంటి చోటికి, అంటే గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగులు తిరిగే చోటికి వెళ్తే పడుకునే టెంట్‌లో వంట వద్దే వద్దు. అక్కడ తిండీ మాంసమూ పదడుగుల ఎత్తున, చెట్టు మానుకి నాలుగడుగుల దూరంలో వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి. అంటే వంటకి వేరే టార్పాలిన్ పందిరి, ఆ బరువు కూడా లెక్కలో వేయాలి.

మూట కట్టి చూడనిదే కొనకండి

మన దగ్గర ఒకప్పుడు లంబాడీలు ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగేవారు. ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడే ఆ సంచిని పెరిక అనేవారు. ఇక్కడ పానియర్ అనే జోడు పెట్టెలు సరిగ్గా అదే. కావడికి ఉన్న సూత్రమే దీనికీ ఉంది, రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. రెండు మూడు పౌండ్ల తేడా వచ్చినా అయిదు మైళ్ళలో జీను పక్కకి జారి వీపు పుండవుతుంది. స్ప్రింగ్ కాటా ఒకటి జేబులో ఉంచుకోండి, ఇరవై డాలర్లు కూడా కాదు.

అందుకే టెంట్ కొనేటప్పుడు బరువుతో పాటు ఆకారం అడగండి. పెట్టె సుమారు రెండడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు, అడుగు లోతు ఉంటుంది. పొయ్యి అందులో పడుతుందా? గొట్టం ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి పొయ్యి లోపలే సర్దుకుంటాయా? టెంట్ గుడ్డని రెండు చుట్టలుగా విడదీయగలమా? కాన్వాస్ ఒకే ముద్దగా 60 పౌండ్లు ఒక వైపు పడితే రెండో వైపు సరిగ్గా 60 తూకం వెతకాలి. పొయ్యి ఉన్న పెట్టెకి ఎదురుగా నేను మేత గుళికల సంచి పెడతాను, కొంచెం తీస్తూ కలుపుతూ తూకం సరిచేసుకోవచ్చు. పొయ్యిలో ఖాళీ ఉంటే సాక్సులు, టవళ్ళు కుక్కేయండి. లోపల రేకు గలగలమన్నదంటే కొత్త జంతువు బెదురుతుంది, ఒకటి బెదిరితే తాడుకి కట్టిన మిగతావన్నీ బెదురుతాయి. గట్టి అంచులు డొక్క వైపు రాకుండా మెత్తటివి అటు పెట్టండి.

టెంట్ వేసే జాగా కూడా జంతువుల్ని చూసుకునే ఎంచుకోవాలి. వాల్ టెంట్ తాళ్ళతో కలిపి ఇరవై అడుగులకు పైన చదును కావాలి, అంత చదును అడవిలో జంతువులు మేసే పచ్చికలోనే దొరుకుతుంది, అక్కడ వేస్తే రాత్రి గుర్రం వచ్చి తాడుకి కాలు తగిలించుకుని టెంట్‌తో సహా పారిపోతుంది. మేం జంతువుల్ని చెట్ల మధ్య ఎత్తుగా కట్టిన తాడుకి కట్టేస్తాం, చెట్టు బెరడు కోసుకోకుండా వెడల్పు పట్టీలు వేసి, టెంట్‌కీ నీటికీ బాగా దూరంగా. నైలాన్ గాలికి రెపరెపలాడితే బెదిరే జంతువులూ ఉంటాయి, ఇంటి దగ్గర పెరట్లో ఒకసారి టెంట్ వేసి వాటిని చుట్టూ తిప్పడం మంచిది. అద్దె జంతువులైతే యజమానిని ముందే అడగండి.

పెరట్లో వేసినప్పుడే పొయ్యి కూడా వెలిగించేయండి. కొత్త పొయ్యి మొదటి మంటకి పూత కాలి కంపు కొడుతుంది, చుట్టలా వచ్చే రేకు గొట్టం మొదటి మంట తరవాత గానీ గుండ్రంగా కుదురుకోదు, అప్పటిదాకా పాములా మెలి తిరిగి చెయ్యి కోస్తుంది, తోలు గ్లవ్స్ తప్పనిసరి. పక్కింటివాళ్ళకి ముందే చెప్పండి, మా వీధిలో ఒకాయన ఫైరింజన్‌కి ఫోన్ చేయబోయాడు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. కార్బన్ మోనాక్సైడ్ (మంట నుంచి వచ్చే వాసన లేని విషవాయువు) అలారం, బ్యాటరీది, తల ఎత్తులో కట్టండి. కింద ఒక సందు, పైన ఒక సందు ఎప్పుడూ తెరిచే ఉండాలి. రాత్రి మంచు పడి టెంట్ అంచు చుట్టూ మూసుకుపోతే గాలి ఆడదు, వెచ్చగా ఉంది కదా అని ఇంకా హాయిగా నిద్ర పడుతుంది, ఆ నిద్రలోంచి లేవరు. బొగ్గుల కుంపటి లోపలికి అస్సలు తేవద్దు. పొయ్యి కాళ్ళ కింద రాళ్ళు పెట్టి నేల మీద ఎండాకులు మట్టి దాకా గీకేయండి, లేకపోతే వేర్లలో నిప్పు పాకి మీరు వెళ్ళిపోయాక పైకి లేస్తుంది. అక్టోబరు అంటే చలికాలమేగా అనుకోకండి, 2020లో ఈస్ట్ ట్రబుల్‌సమ్ కార్చిచ్చు మొదలైంది అక్టోబరు 14న, లక్షా తొంభై వేల ఎకరాలకు పైగా తగలబెట్టింది. నిప్పు మీద ఆంక్షలున్న ఏడాది గొట్టమూ జాలీ ఉన్న పొయ్యికి అనుమతి ఉందా, అసలు కట్టెల మంటే కూడదా అన్నది ఆ ఫారెస్ట్ ఆర్డర్‌లో ఉంటుంది, బయల్దేరే ముందు రోజు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి.

నా మాట అడిగితే: లామాలు, ముగ్గురు మనుషులు, అయిదు రోజులు అయితే పాలిస్టర్ టిపీ, లైనర్, మధ్య సైజు టైటానియం పొయ్యి. అయిదారు కంచరగాడిదలు, ఒకే క్యాంపు, మీలో ఒకరికైనా మోకాళ్ళ నొప్పులు ఉంటే కాన్వాస్. రెండిట్లో ఏదైనా పొయ్యితో కలిపి మంచిది కావాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది, అందుకే మొదటి ఏడాది అద్దెకి తీసుకోండి లేదా అరువు అడగండి. అరువు తెస్తే తడి గుడ్డ మడతపెట్టి తిరిగి ఇవ్వకండి, బూజు పడితే స్నేహం కూడా పోతుంది. నేను ఆ ఫ్రెండు కాన్వాస్‌ని మా గరాజ్‌లో తాళ్ళు కట్టి, రెండు ఫ్యాన్లు పెట్టి మూడు రోజులు ఆరబెట్టాను. కారు బయట మంచులో ఉంది. మా ఆవిడ మాత్రం ఆ పొగ వాసనకి సంక్రాంతి ముందు భోగిమంట గుర్తొస్తోందని, ఫ్యాన్ అటు తిప్పొద్దంది.